రాబర్ట్ బాష్

రాబర్ట్ బాష్ (1861 సెప్టెంబరు 23 - 1942 మార్చి 12) జర్మనీకి చెందిన యంత్ర నిర్మాత, పారిశ్రామికవేత్త, దాత. 1886లో స్టుట్‌గార్ట్ నగరంలో ఇద్దరు పనివారితో ఆయన ప్రారంభించిన చిన్న పనిశాల కాలక్రమంలో బాష్ సంస్థగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది. పెట్రోలు ఇంజన్లకు నిప్పురవ్వను అందించే మాగ్నెటో పరికరం ఆయనకు తొలి కీర్తిని తెచ్చిపెట్టింది. 1927లో ఆయన సంస్థ పెద్ద ఎత్తున తయారుచేయ నారంభించిన డీజిల్ ఇంజెక్షన్ పంపు లారీలు, బస్సులు, ట్రాక్టర్ల చరిత్రను మార్చివేసింది. ఇంధన మార్గంలో గాలి గాని, ఆవిరి బుడగలు గాని లేకుండా చూసే పని ఈ పంపుతో పాటే డీజిల్ మెకానిక్కులందరికీ నిత్యకృత్యమైంది.

బాల్యం, విద్యాభ్యాసం

రాబర్ట్ బాష్ దక్షిణ జర్మనీలోని ఉల్మ్ నగరానికి సమీపాన ఉన్న ఆల్బెక్ గ్రామంలో జన్మించాడు. పన్నెండుమంది సంతానంలో ఇతడు పదకొండవవాడు. తండ్రి సెర్వేషియస్ బాష్ వ్యవసాయదారుడు, గ్రామంలో ఒక సత్రాన్ని కూడా నడిపేవాడు. ఆ రోజులలో అది కలిగిన కుటుంబమే. తండ్రికి చదువు మీద గౌరవం, స్వతంత్ర భావాలు ఉండేవి. ఆ గుణాలు కుమారునికి కూడా అబ్బాయి.

1869లో కుటుంబం ఉల్మ్ నగరానికి తరలివెళ్ళింది. అక్కడి పాఠశాలలో చదువు ముగించిన పిదప 1876లో రాబర్ట్ ఒక సూక్ష్మయంత్ర నిర్మాత వద్ద పని నేర్చుకోవడానికి చేరాడు. మూడేళ్ళ ఈ శిక్షణ ఆయనకు తృప్తినివ్వలేదు. గురువు శ్రద్ధగా నేర్పేవాడు కాదు. తరువాతి కాలంలో తన కర్మాగారంలో పని నేర్చుకునే కుర్రవాళ్ళ శిక్షణకు ఆయన ప్రత్యేక ఏర్పాట్లు చేయడానికి ఈ అనుభవమే కారణమని జీవిత చరిత్రకారులు భావిస్తారు.

శిక్షణ ముగిసిన తరువాత వివిధ పట్టణాలలో పనిచేసి, సైన్యంలో ఒక సంవత్సరం సేవచేసి, 1883-84లో స్టుట్‌గార్ట్ సాంకేతిక కళాశాలలో ఉపన్యాసాలు విన్నాడు. పట్టా కోసం ఆయన చదవలేదు. విద్యుత్తు గురించి తెలుసుకోవాలన్నదే ఆయన కోరిక. 1884లో అమెరికా వెళ్ళి న్యూయార్కులో థామస్ ఆల్వా ఎడిసన్ సంస్థలోను, అక్కడినుండి ఇంగ్లండు వెళ్ళి సీమెన్స్ సోదరుల సంస్థలోను పనిచేశాడు.

కర్మాగార స్థాపన

1886 నవంబరు 15న స్టుట్‌గార్ట్‌లోని ఒక ఇంటి వెనుక భాగంలో సూక్ష్మయంత్రాలు, విద్యుత్ పరికరాల పనిశాలను ఆయన ప్రారంభించాడు. అప్పటికి ఆయన వయస్సు 25 సంవత్సరాలు. టెలిఫోన్లు, విద్యుత్ గంటలు అమర్చడం, మరమ్మతులు చేయడం మొదటి పనులు. తొలి సంవత్సరాలు కష్టంగా గడిచాయి. 1892 ప్రాంతంలో పని లేక దాదాపు అందరినీ తొలగించవలసి వచ్చింది. అయినా, నాసిరకం వస్తువును అమ్మి తాత్కాలికంగా లాభపడడం కంటే నష్టాన్ని భరించి నమ్మకాన్ని నిలుపుకోవడమే మేలని ఆయన భావించేవాడు. ఆ తరువాతి ఐదు దశాబ్దాలలో ఈ నియమాన్ని ఆయన విడిచిపెట్టలేదు.

మాగ్నెటో

1887లో ఒక ఖాతాదారు తన ఇంజనుకు మాగ్నెటో తయారుచేసి ఇవ్వమని అడిగాడు. సిలిండరులోని ఇంధన మిశ్రమాన్ని మండించడానికి కావలసిన నిప్పురవ్వను బ్యాటరీ లేకుండా పుట్టించే పరికరమే మాగ్నెటో. డాయిట్జ్ కంపెనీ ఇంజన్లపై అటువంటి పరికరం అప్పటికే ఉంది. దానికి పేటెంటు లేదని తెలుసుకున్న బాష్ దానిని మెరుగుపరచి తయారుచేశాడు.

అది ఒకచోట నిలిపి ఉంచే నెమ్మది ఇంజన్లకు మాత్రమే సరిపోయేది. 1897లో ఫ్రెడరిక్ సిమ్స్ అనే వ్యాపారవేత్త కోరికపై దానిని డి డియాన్ బూటన్ మూడు చక్రాల వాహనానికి అమర్చవలసి వచ్చింది. ఆ ఇంజను చాలా వేగంగా తిరిగేది. బరువైన తీగచుట్టను అంత వేగంతో కదిలించడం సాధ్యం కాలేదు. దాని బదులు తేలికపాటి లోహపు తొడుగును మాత్రమే కదిలించే ఉపాయాన్ని కర్మాగార ఫోర్‌మన్ ఆర్నాల్డ్ జెహ్రింగర్ కనిపెట్టాడు. 1902లో గాట్లాబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు అధిక ఓల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్కు ప్లగ్గును రూపొందించాడు. మోటారు వాహనాల ప్రపంచంలో బాష్ పేరు దీనితో స్థిరపడింది. 1913 నాటికి సంస్థ అమ్మకాలలో సుమారు 88 శాతం జర్మనీ వెలుపలి దేశాలలోనే జరిగేవి.

కార్మికులు, యుద్ధం

1906లో బాష్ తన కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినాన్ని ప్రవేశపెట్టాడు. జర్మనీలో ఆ పని చేసిన తొలి యజమానులలో ఆయన ఒకడు. ఇందులో ఉదారతతో పాటు లెక్క కూడా ఉంది. ఎనిమిది గంటల చొప్పున రెండు షిఫ్టులు నడిపితే యంత్రాలు రోజుకు 16 గంటలు పనిచేస్తాయి, పనివాడూ అలసిపోడు. తోటి పారిశ్రామికవేత్తలు ఆయనను "ఎర్ర బాష్" అని ఎగతాళి చేసేవారు. అయితే 1913లో ఆయన కర్మాగారంలోనే పెద్ద సమ్మె జరిగింది. అందుకు నొచ్చుకున్న బాష్ యజమానుల సంఘంలో చేరాడు.

మొదటి ప్రపంచ యుద్ధంలో (1914-1918) సంస్థకు సైనిక అవసరాల ద్వారా పెద్ద లాభాలు వచ్చాయి. మనుషుల చావుతో సంపాదించడం ఆయనకు ఇష్టం లేదు. ఆ ధనంలో కోటి మార్కులకు పైగా నెకార్ నదిని ఓడలు నడిచే కాలువగా మార్చే పథకానికి కేటాయించాడు. మరోవైపు శత్రుదేశాలలోని సంస్థ ఆస్తులను ఆయా ప్రభుత్వాలు స్వాధీనం చేసుకున్నాయి. అమెరికాలోని కర్మాగారం, దానితోపాటు అక్కడి పేటెంట్లు కూడా చేజారాయి. యుద్ధం ముగిసేసరికి మాగ్నెటో ఒక్కదాని మీదే ఆధారపడిన సంస్థ భవిష్యత్తు అనిశ్చితంగా మారింది.

డీజిల్ వైపు మొగ్గు

రుడాల్ఫ్ డీజిల్ (1858-1913) రూపొందించిన ఇంజను 1897లో ఆగ్స్‌బర్గ్‌లో విజయవంతంగా పనిచేసింది. ఇందులో నిప్పురవ్వతో పని లేదు. సిలిండరులోని గాలిని పిస్టన్ గట్టిగా నొక్కినపుడు పుట్టే వేడికే ఇంధనం దానంతట అదే అంటుకుంటుంది. తక్కువ ఇంధనంతో ఎక్కువ పని చేసినా, ఈ ఇంజను రెండు దశాబ్దాల పాటు ఓడలకు, విద్యుత్ కేంద్రాలకు, కర్మాగారాలకు మాత్రమే పరిమితమైంది. ఇంధనాన్ని సిలిండరులోకి ఊదడానికి అధిక పీడనంగల గాలిని వాడడమే దీనికి ముఖ్య కారణం. ఆ గాలిని నొక్కి ఉంచే కంప్రెసరు బరువైనది, ఖరీదైనది. దానిని లారీ మీద మోయడం కష్టం.

ఊదే గాలి లేకుండా పంపు శక్తితోనే ఇంధనాన్ని చిమ్మగలిగితే చిన్న డీజిల్ ఇంజను సాధ్యమవుతుంది. 1920 తరువాత జర్మనీలో బెంజ్, మాన్ వంటి సంస్థలు ఈ దిశగా పనిచేస్తూ డీజిల్ లారీలను తయారుచేశాయి. బెంజ్ సంస్థలో ప్రాస్పర్ లోరాంజ్ అనే ఇంజనీరు ఈ విషయంలో మార్గదర్శి. ప్రతి ఇంజను కంపెనీ తన పంపును తానే తయారుచేసుకోవలసి రావడం మాత్రం పెద్ద అడ్డంకిగా ఉండేది.

1922 చివరలో బాష్ డీజిల్ ఇంజెక్షన్ పరికరాలను తయారుచేయాలని నిర్ణయించాడు. డీజిల్ ఇంజనుకు మాగ్నెటో అక్కరలేదు, స్పార్కు ప్లగ్గు అక్కరలేదు. రోడ్ల మీదికి ఆ ఇంజను వస్తే తన సంస్థకు అన్నం పెట్టిన వస్తువుకే గిరాకీ తగ్గుతుంది. రాబోయే మార్పును అడ్డుకోవడానికి ప్రయత్నించకుండా, ఆ కొత్త ఇంజనుకు అత్యవసరమైన భాగాన్ని తానే తయారుచేయడం ఆయన ఎంచుకున్న మార్గం. అప్పటికి ఆయన వయస్సు 61 సంవత్సరాలు. అంతకు ముందు సంవత్సరమే ఏకైక కుమారుడు దీర్ఘవ్యాధితో మరణించాడు.

ఇంజెక్షన్ పంపు నిర్మాణం

1923 ఆరంభానికి సుమారు ఒక డజను నమూనాలు సిద్ధమయ్యాయి. ఆ సంవత్సరం మధ్యలో ఇంజను మీద పరీక్షలు మొదలయ్యాయి. 1925 మధ్యనాటికి పంపు రూపం స్థిరపడింది. ఈలోగా 1926 ప్రాంతంలో సంస్థ తీవ్రమైన ఆర్థిక ఇబ్బందులలో పడి చాలామంది కార్మికులను తొలగించింది. అయినా డీజిల్ పని ఆగలేదు. 1927లో పెద్ద ఎత్తున ఉత్పత్తి మొదలైంది.

పంపులో ముఖ్యమైన భాగాలు ప్లంజరు, అది కదిలే బారెల్. ప్రతి సిలిండరుకు ఇటువంటి జత ఒకటి ఉంటుంది. ప్లంజరుకు, బారెల్‌కు మధ్య ఖాళీ మిల్లీమీటరులో వెయ్యవ వంతులలో మాత్రమే ఉంటుంది. రబ్బరు వాషరు వంటిదేదీ లేకుండా ఆ సన్నని ఖాళీయే కారడాన్ని ఆపుతుంది. అందువలన ఒక జతలోని ప్లంజరును మరొక జతలోని బారెల్‌లో వాడరాదు. ప్లంజరు పైభాగాన ఏటవాలుగా కోసిన గాడి ఉంటుంది. ప్లంజరును కొద్దిగా తిప్పితే ఆ గాడి రంధ్రానికి ఎదురుగా వచ్చే సమయం మారుతుంది. తద్వారా ప్రతిసారి పంపే ఇంధన పరిమాణం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కినపుడు ఈ పంపులో జరిగేది ఇదే.

చిమ్మే ఇంధనం ప్రతిసారి ఒక చిన్న బొట్టు కంటే మించదు. ఆ బొట్టు వాతావరణ పీడనానికి వంద రెట్లకు పైబడిన పీడనంతో, నిర్ణీత క్షణంలో నాజిల్ గుండా సన్నని తుంపరగా సిలిండరులోకి చేరాలి. మాగ్నెటోల తయారీలో అలవడిన సూక్ష్మమైన పనితనం ఇక్కడ సంస్థకు అక్కరకు వచ్చింది.

ఇంధన మార్గంలో గాలి, ఆవిరి

రుడాల్ఫ్ డీజిల్ ఇంజనులో గాలి ఇంధనాన్ని మోసే వాహకం. బాష్ పంపు వచ్చిన తరువాత అదే గాలి ఇంధన మార్గానికి శత్రువైంది. దీనికి కారణం పాఠశాలలో చదువుకునే బాయిల్ నియమంలోనే ఉంది.

ద్రవాన్ని నొక్కితే దాని పరిమాణం దాదాపు మారదు. కనుక ప్లంజరు ఒక కొసన తోస్తే గొట్టం రెండవ కొసన ఉన్న నాజిల్ సూది వెంటనే లేస్తుంది. వాయువు అలా కాదు. ఉష్ణోగ్రత మారదనుకుంటే, వాతావరణ పీడనంలో 100 ఘన మిల్లీమీటర్లు ఉన్న బుడగ దానికి వందరెట్ల పీడనంలో 1 ఘన మిల్లీమీటరుకు కుదించుకుపోతుంది. ప్లంజరు ఒకసారి తోసే ఇంధనం కూడా ఇంచుమించు ఆ బుడగ పరిమాణంలోనే ఉంటుంది. అంటే ప్లంజరు చేసే పని అంతా బుడగను నొక్కడానికే సరిపోతుంది. నాజిల్ తెరుచుకోదు. ప్లంజరు వెనుకకు రాగానే బుడగ మళ్ళీ వ్యాకోచిస్తుంది. పంపు తిరుగుతూనే ఉంటుంది కాని ఇంధనం కదలదు. గాలి కొద్దిగా ఉంటే ఇంజను స్టార్టు కావడానికి ఎక్కువసేపు పట్టడం, కొట్టుకుంటూ నడవడం, బలం తగ్గడం, ఉన్నట్టుండి ఆగిపోవడం జరుగుతాయి. ప్లంజరుకు డీజిలే కందెన కూడా. కాబట్టి ఇంధనం లేకుండా ఎక్కువసేపు తిప్పితే ఆ సున్నితమైన జత అరిగిపోయే ప్రమాదం ఉంది.

గాలి ప్రవేశించే మార్గాలు:

* ట్యాంకులో డీజిల్ పూర్తిగా అయిపోవడం.
* ఫిల్టరు మార్చినపుడు, గొట్టాలు విప్పినపుడు లోపల ఖాళీ ఏర్పడడం.
* ట్యాంకుకు, ఫీడు పంపుకు మధ్య గొట్టం పగలడం లేదా బిగింపు వదులు కావడం. ఈ భాగంలో ఇంధనాన్ని పీల్చడం జరుగుతుంది కనుక లోపలి పీడనం వాతావరణ పీడనం కంటే తక్కువ. ఇంజను నడుస్తున్నపుడు అక్కడ డీజిల్ బయటకు కారదు, గాలి లోపలికి వస్తుంది. బయట తడి కనిపించదు కనుక ఈ లోపాన్ని కనిపెట్టడం కష్టం.

ఆవిరి విషయం కొంత భిన్నమైనది. పెట్రోలు వలె డీజిల్ సులభంగా ఆవిరి కాదు. అయితే డీజిల్‌లో కొంత గాలి ఎల్లప్పుడూ కరిగి ఉంటుంది. ఫిల్టరు మూసుకుపోయి ఫీడు పంపు గట్టిగా పీల్చవలసి వచ్చినపుడు పీడనం పడిపోయి, కరిగిన గాలి బుడగలుగా బయటపడుతుంది. సోడా సీసా మూత తీసినపుడు జరిగేది కూడా ఇదే. ఇంధనం వేడెక్కినపుడు ఈ బాధ మరింత పెరుగుతుంది. పంపులోనే పీడనం ఒక్కసారిగా విడుదలయ్యే చోట్ల క్షణకాలం ఆవిరి బుడగలు ఏర్పడడం కూడా ఉంది.

గాలిని తొలగించే పద్ధతి

ఈ ఇబ్బందికి పరిష్కారం పంపు వ్యవస్థలోనే ఉంది. ఫీడు పంపు కావలసిన దానికంటే ఎక్కువ ఇంధనాన్ని స్వల్ప పీడనంతో ఇంజెక్షన్ పంపుకు అందిస్తుంది. మిగులు ఇంధనం ఒక వాల్వు గుండా తిరిగి ట్యాంకుకు పోతుంది. ఈ ప్రవాహం వేడిని, చిన్న చిన్న బుడగలను తనతో తీసుకుపోతుంది. గాలి పైకి చేరే స్వభావం కలది కనుక ఫిల్టరు మీద, పంపు మీద ఎత్తయిన చోట్ల గాలి వదిలే స్క్రూలు అమర్చుతారు. ఫీడు పంపుకు చేతితో నొక్కే చిన్న పంపు కూడా ఉంటుంది.

పాత తరహా వరుస పంపులలో గాలిని తీసే క్రమం ఇది:

1. ట్యాంకులో తగినంత డీజిల్ పోసి, గొట్టాల బిగింపులను సరిచూడాలి.
2. ఫిల్టరు మీది స్క్రూను వదులు చేసి, బుడగలు లేని డీజిల్ ధార వచ్చేవరకు చేతి పంపు కొట్టాలి. ధార వస్తుండగానే స్క్రూ బిగించాలి.
3. ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ వద్ద కూడా అదే విధంగా చేయాలి.
4. నాజిళ్ళ వద్ద గొట్టాల నట్లను కొద్దిగా వదులు చేసి ఇంజనును స్టార్టరుతో తిప్పాలి. డీజిల్ రాగానే నట్లు బిగించాలి.

ట్యాంకు వైపునుండి నాజిల్ వైపుకు, ఇంధనం ప్రవహించే వరుసలోనే ఈ పని చేయాలి. వెనుక భాగంలో గాలి మిగిలిపోతే అది మళ్ళీ ముందుకు వస్తుంది, చేసిన పని వృథా అవుతుంది. పదేపదే గాలి చేరుతూ ఉంటే దానిని తీస్తూ కూర్చోవడం పరిష్కారం కాదు, అది ఎక్కడనుండి వస్తున్నదో వెతకాలి.

నాజిల్ నుండి చిమ్మే ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. కాబట్టి దాని ఎదుట చేయి పెట్టరాదు. 1997 నుండి కార్లలో వాడుకకు వచ్చిన కామన్ రైలు ఇంజన్లలో పీడనం వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు దాటుతుంది. వాటిలో పైన చెప్పిన నాలుగవ అంశాన్ని ఎట్టి పరిస్థితులలోను చేయరాదు. తయారీదారు సూచించిన పద్ధతిలో, తక్కువ పీడనం గల భాగం నుండే గాలిని తొలగించాలి.

కుటుంబం, అభిరుచులు

1887లో బాష్ ఆనా కైజర్‌ను వివాహమాడాడు. కుమారుడు రాబర్ట్ 1921లో మరణించిన తరువాత దంపతుల మధ్య దూరం పెరిగి విడిపోయారు. 1927లో మార్గరెట్ వోర్జ్‌ను వివాహం చేసుకున్నాడు. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె కలిగారు.

బాష్‌కు వ్యవసాయం, వేట, హోమియోపతి వైద్యం పట్ల ఆసక్తి ఉండేది. బవేరియాలో చిత్తడి నేలలను కొని పెద్ద వ్యవసాయ క్షేత్రంగా మార్చాడు. 1940లో స్టుట్‌గార్ట్‌లో ఆయన నెలకొల్పిన ఆసుపత్రి ప్రారంభమైంది. పొదుపు విషయంలో చాలా పట్టుదల గలవాడు. కార్యాలయంలో నేలమీద పడి ఉన్న గుండుసూది వంటి చిన్న వస్తువు కూడా తన సొమ్మేనని ఉద్యోగులకు గుర్తుచేసేవాడని చెప్పుకుంటారు.

నాజీ పాలనా కాలం

1933లో హిట్లరు అధికారంలోకి వచ్చాడు. ప్రజాస్వామ్యాన్ని, ఫ్రాన్సుతో మైత్రిని కోరిన బాష్‌కు ఆ పాలన నచ్చలేదు. లైప్‌జిగ్ మాజీ మేయరు, హిట్లరు వ్యతిరేకి అయిన కార్ల్ గోర్డెలర్‌కు 1937లో సలహాదారుగా ఉద్యోగమిచ్చి ఆశ్రయం కల్పించాడు. ఆయన, ఆయన సహచరులు వేధింపులకు గురైన యూదులకు సహాయం చేశారు. సంస్థ అధిపతి హాన్స్ వాల్జ్‌ను ఇందుకుగాను ఇజ్రాయెల్‌లోని యాద్ వాషెమ్ 1969లో గౌరవించింది.

అదే కాలంలో సంస్థ జర్మనీ సైన్యానికి పరికరాలను సరఫరా చేసింది. యుద్ధకాలంలో దాని కర్మాగారాలలో వేలాదిమంది విదేశీయులతో, ఖైదీలతో బలవంతంగా పని చేయించారు. ఎనిమిది గంటల పనిదినాన్ని తెచ్చిన మనిషి పేరు గల కర్మాగారాలలోనే ఇది జరిగింది. ఆయన జీవితాన్ని అంచనా వేసేవారు ఈ రెండు పార్శ్వాలను కలిపి చూడవలసి ఉంటుంది.

మరణం, వారసత్వం

1942 మార్చి 12న స్టుట్‌గార్ట్‌లో తన 80వ యేట బాష్ మరణించాడు. తాను వ్యతిరేకించిన ప్రభుత్వమే ఆయనకు అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది. సంస్థ లాభాలు ప్రజాహితానికి ఉపయోగపడాలని ఆయన కోరాడు. ఆ కోరిక మేరకు 1964లో సంస్థ వాటాలలో అత్యధిక భాగం ధర్మసంస్థకు చేరింది. అదే తరువాత రాబర్ట్ బాష్ ఫౌండేషన్‌గా పేరు పొందింది. వైద్యం, విద్య, దేశాల మధ్య అవగాహన దాని ముఖ్య రంగాలు.

భారతదేశంతో సంబంధం

1922లో కలకత్తాలో బాష్ ఉత్పత్తుల విక్రయ కేంద్రం మొదలైంది. ఆయన మరణానంతరం, 1951లో, బెంగుళూరులో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ ఏర్పడింది. మైకో అనే పొట్టి పేరుతో ఇది దేశమంతటా తెలిసింది. 2008లో దీని పేరు బాష్ లిమిటెడ్‌గా మారింది. మైకో పంపులు, నాజిళ్ళు, స్పార్కు ప్లగ్గులు తెలుగు ప్రాంతాలలోని లారీ షెడ్లలోను, పొలాల్లోని ఆయిలింజన్ల వద్ద కూడా సుపరిచితమైనవి. ఇంజను స్టార్టు కానపుడు "ఎయిర్ పట్టింది" అంటూ మెకానిక్కు ముందుగా చేయి వేసేది ఫిల్టరు మీది స్క్రూ మీద, ఫీడు పంపు మీది చేతి పంపు మీద.

ఇవి కూడా చూడండి

* డీజిల్ ఇంజను
* రుడాల్ఫ్ డీజిల్
* బాయిల్ నియమం
* స్టుట్‌గార్ట్